ఇటలీ బండి పెదనాన్న

మా నాన్న నన్ను ఒకసారి బండి మీద నుంచి పడేశాడు. ఈ సంగతి నేను ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకి కూడా తెలియదు. కైకలూరు దాటాక చెరువు గట్టు మీద వాన తడికి ముందు చక్రం జారింది. నేను ముందు నిలబడి ఉన్నాను. గడ్డం వెళ్ళి హ్యాండిలుకి కొట్టుకుంది. నాన్న నన్ను ఎత్తుకుని టీకొట్టు దాకా పరుగెత్తి, కాఫీపొడి అడిగి తీసుకుని గాయానికి అద్దాడు.

“బడిలో బోరింగు దగ్గర జారిపడ్డానని చెప్పు అమ్మకి. నిజం చెప్తే ఇంక నిన్ను బండెక్కనివ్వదు” అన్నాడు.

అలాగే చెప్పాను. గడ్డం కింద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అడిగినవాళ్ళందరికీ బోరింగు అనే చెప్తాను.

మర్నాడే నాన్న వెల్డింగు షాపుకి వెళ్ళి, హ్యాండిలు కింద నా చేతులకి అందే ఎత్తులో అడ్డంగా ఒక ఇనుప కమ్మీ అతికించుకొచ్చాడు. “ఇది పట్టుకో. ఏం జరిగినా వదలకు” అన్నాడు. చెరువులకి మేత, మందులు అమ్మే పని ఆయనది. సెలవురోజుల్లో ఆ కమ్మీ పట్టుకుని నేను కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాను.

మొన్న ఆదివారం పేపర్లో చిన్న ప్రకటనల మధ్య ఆ బండి బొమ్మ కనిపించింది. పాత ఇటలీ స్కూటరు, పూర్తిగా బాగుచేసినది, అన్నీ ఒరిజినల్, అమ్మబడును అని ఉంది. చిరునామా విశాఖపట్నంది. లేత ఆకుపచ్చ, మీగడ రంగు. అద్దంలా మెరుస్తోంది. నంబరు చూసి గుర్తుపట్టాను. కమ్మీ ఉండాల్సిన చోట ఏమీ లేదు.

‘అన్నీ ఒరిజినల్’ అన్న మాట చదవగానే చెవిలో పెదనాన్న గొంతు పలికింది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. సంతాపానికి వచ్చినవాళ్ళందరూ ఆ పని చేశారు. చెయ్యనివాళ్ళు ఒకరైనా ఉండాలి కదా అని ఇది రాస్తున్నాను.

పెదనాన్న ఇల్లు ఏలూరు పవర్‌పేటలో. కరెంటాఫీసులో చేసి రిటైరయ్యాడు. సన్నగా, తెల్లగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉండేవాడు. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. పాలవాణ్ణి కూడా ‘ఏవండీ’ అనే పిలిచేవాడు. వీధిలో అందరూ ఆయన్ని చాలా మర్యాదస్తుడనేవాళ్ళు. నాకు మాత్రం ఆయన ‘తల్లీ’ అంటే భయం. ఆయన తల్లీ అన్నాడంటే మన దగ్గర నుంచి ఏదో ఒకటి పట్టుకుపోతున్నాడని అర్థం.

మొదటిసారి అలా పిలిచింది నాన్న పెద్దకర్మ రోజున. నాన్న జ్వరమని పడుకుని, వారం తిరక్కుండా పోయాడు. నేను ఏడో తరగతి. కైకలూరులో మా ఇంటి ముందు షామియానా కింద భోజనాలు జరుగుతున్నాయి. అమ్మని లోపలి గదిలో కూర్చోబెట్టారు. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ఎదటపడి మాట్లాడదు. ఏం చెప్పాలన్నా అమ్మ నాన్నచేత చెప్పించేది. ఆ రోజు నుంచి ఆ పని నాకొచ్చింది.

“చూడు తల్లీ, ఆడవాళ్ళిద్దరే ఉండే ఇంట్లో బండెందుకు చెప్పు? తుప్పు పట్టిపోద్ది. మా నాన్నగారు కొన్న బండి అది. నేను తీసుకెళ్ళి బాగుచేయించి ఉంచుతానని మీ అమ్మకి చెప్పు.”

మా తాతయ్య తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు గుమాస్తా. మిల్లు యజమాని కారు కొనుక్కుని తన ఇటలీ స్కూటరు వదులుకుంటే తాతయ్య తీసుకున్నాడు. తర్వాత దాన్ని చిన్నకొడుక్కి, అంటే మా నాన్నకి ఇచ్చేశాడు. పెద్దకొడుక్కి ఎందుకివ్వలేదో అప్పుడు నాకు తెలియదు. నాన్న తోలినన్నాళ్ళూ పెదనాన్న దాన్ని డొక్కు అనేవాడు. నాన్న పోయాక అది మా నాన్నగారి బండి అయింది.

నేను లోపలికి వెళ్ళి చెప్పాను. అమ్మ తల వంచుకునే ఉంది. నేను బయటికొచ్చి, “అమ్మ ఏమీ అనలేదండి” అన్నాను.

“అదే, ఏమంటుంది పాపం” అన్నాడు పెదనాన్న. అప్పటికే ట్రక్కు ఆటో వాకిట్లో ఉంది. బండిని తోలుకెళ్ళకుండా ఆటో మీదకి ఎక్కించి తాళ్ళు కట్టించాడు. టైర్లు పాతవని కాబోలు అనుకున్నాను. ఎక్కించడం అయ్యాక చేతులు దులుపుకుని మళ్ళీ నన్ను పిలిచాడు.

“ఇంకోమాట తల్లీ. మీ నాన్న పాత బనీన్లు ఉంటాయి కదా, మూటకట్టి ఇమ్మను. తుడవడానికి పాత బనీను గుడ్డంత మంచిది ఇంకోటి లేదు. కొత్త గుడ్డ గీతలు పెడుతుంది.”

అమ్మ మూటకట్టి ఇచ్చింది.

డిగ్రీకి నేను ఏలూరు వచ్చినప్పుడు, “మనిల్లు ఉండగా హాస్టలెందుకు తల్లీ” అన్నాడు. ఏం పోబోతోందా అని భయపడుతూనే వెళ్ళాను. ముందుగది కిటికీ దగ్గర నాకొక బల్ల ఇచ్చారు. ఆ కిటికీలోంచి చూస్తే ఎదురుగా రేకుల పంచ, దాని కింద బండి. దాదాపు మూడేళ్ళు పుస్తకంలోంచి తలెత్తినప్పుడల్లా అదే చూశాను.

పెదనాన్నకి లోకంలో రెండే రకాలు, ఒరిజినల్, ఒరిజినల్ కానివి. చికోరీ కలిపిన కాఫీ ఒరిజినల్ కాదు. చెరువు చేప ఒరిజినల్ కాదు, కొల్లేట్లో పట్టిందైతేనే ఇంట్లోకి రానిచ్చేవాడు. ఆ మాట నా ఎదురుగానే అనేవాడు, చెరువు చేపల మేత అమ్మి నన్ను పెంచిన మనిషి తన తమ్ముడే అయినా. మా అమ్మది చింతలపూడి వైపు, మెట్ట. “మీ అమ్మ మన డెల్టా మనిషి కాదు కదా, పప్పు ముద్దగా ఉడికిస్తుంది” అని నవ్వేవాడు. స్పేరుపార్టుల కోసం బొంబాయికి, కోయంబత్తూరుకి ఉత్తరాలు నాచేత రాయించేవాడు. ఒకసారి నేను రాసిన ఉత్తరం దూరంగా పట్టుకుని చూసి, “మీ నాన్న రాత రాలేదు నీకు. మీ అమ్మ రాత” అన్నాడు. ఉత్తరం మాత్రం పోస్టులో వెయ్యమన్నాడు.

పొద్దున్నే కాఫీ తాగి పంచలోకి వెళ్ళేవాడు. బండి మీద పెద్దమ్మ కుట్టిచ్చిన ముసుగు తీసి, మడతపెట్టి, బనీను గుడ్డ నీళ్ళలో ముంచి పిండి తుడిచేవాడు. స్టాండు మీదే ఉంచి కిక్కు కొట్టి, చెవి ఒగ్గి కాసేపు విని ఆపేసేవాడు. తర్వాత స్టాండు తీసి, హ్యాండిలు పట్టుకుని, పక్కనే నడుస్తూ వీధి చివర దాకా తోసుకెళ్ళి, మళ్ళీ తోసుకుంటూ వచ్చేవాడు. ఒడ్డూపొడవూ ఉన్న పందెపు గిత్తని నడిపించుకొస్తున్నట్టు తల నిటారుగా ఉండేది.

“బండి తీశారాండీ?” అనేవాళ్ళు అరుగు మీద వాళ్ళు.

“తీశానండీ” అనేవాడు.

అరిగిపోతుందని తోలడం లేదనుకునేవాళ్ళు అందరూ. నేనూ అదే అనుకున్నాను. దాని మీద ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు. పక్కింటి పిల్లలు చెయ్యి వేస్తే, ఏమీ అనకుండా వచ్చి వాళ్ళ ఎదురుగానే ఆ చోటు తుడిచేవాడు. నేను ఒకసారి పక్కనుంచి వెళుతుంటే చున్నీ తగిలింది. నన్నూ ఏమీ అనలేదు. గుడ్డ తీసి తుడిచాడు. ఆ గుడ్డ చంక దగ్గర చిరిగి, దారంతో కుట్టి ఉంది. ఆ కుట్టు అమ్మ వేసింది.

కమ్మీ కోయించిన రోజు నేను పరీక్షకి చదువుకుంటున్నాను. రంగులు వేసే సాయిబుగారు వచ్చారు. పాతబస్తీలో షాపు ఆయనది, పెద్దవాడు. బండి చుట్టూ తిరిగి, పక్కన ఆడవాళ్ళు కాళ్ళు పెట్టుకోవడానికి నాన్న వేయించిన పలక, చీర చక్రంలో పడకుండా వేసిన జాలీ విప్పేశారు. కమ్మీ దగ్గరికి వచ్చేసరికి ఆగారు.

“ఇది ఉంచుదామండీ. పిల్లలు పట్టుకుంటానికి బావుంటుంది. అతుకు కూడా గట్టిగా ఉంది.”

“ఇటలీవాడు పెట్టలేదు కదండీ” అన్నాడు పెదనాన్న.

“ఇటలీవాడు పిల్లల్ని ముందు నిలబెట్టుకోడేమోనండీ.”

“అందుకే అంటున్నాను. ఒరిజినల్ కాదు. కోసెయ్యండి.”

కోస్తున్నప్పుడు కిటికీ దాకా నిప్పురవ్వలు ఎగిరాయి. కమ్మీ గచ్చు మీద పడిన చప్పుడు విన్నాను. కథల్లో అయితే ఆ పిల్ల పరుగెత్తుకెళ్ళి దాన్ని తెచ్చి దాచుకుంటుంది. నేను కుర్చీలోంచి లేవలేదు. సాయంత్రం పాత ఇనుము కొనేవాడి బండిలో అది వెళ్ళిపోయింది.

కొల్లేట్లో చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించేసిన ఏడాది బండి పని పూర్తయింది. మీటరు అద్దం చుట్టూ ఉండే రింగు ఒక్కటే మిగిలిందని చాలాకాలంగా అంటుండేవాడు, అదీ ఇటలీ నుంచి వచ్చింది. బిగించిన రోజు వీధంతా వచ్చి చూసింది. “ఇంకేం మాస్టారూ, అమ్మగారిని ఎక్కించుకుని ద్వారకా తిరుమల వెళ్ళిరండి” అన్నాడు ఎదురింటాయన. మర్నాడు ఇంకొకరు అడిగారు. ఆ మర్నాడు ఇంకొకరు. బండి తోసుకుంటూ వెళ్ళే పెదనాన్నని ఇప్పుడు ఎవరూ ‘తీశారాండీ’ అనడం లేదు, ‘ఎప్పుడు తోలతారండీ’ అంటున్నారు. ఆ నెలలోనే ఆయన బండి అమ్ముతానన్నాడు. పూర్తయిన వస్తువు ఇంట్లో ఉంటే పాడైపోతుందన్నాడు.

సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మకి చెప్పాను. గట్లు పోయాక అమ్మ లెక్కలు రాసే మేత కొట్టు మూతపడింది. ఖాళీగా ఇంట్లోనే ఉంటోంది.

“నువ్వడుగు. బండి మనకిచ్చెయ్యమను. తోలేవాళ్ళు లేకపోతే లేకపోయారు. వసారాలో ఉంటే చాలు” అంది. తర్వాత, “ఆ రోజు నేను లోపల నుంచే వద్దని అరిచి ఉండాల్సింది” అంది.

అమ్మ నన్ను ఎప్పుడూ ఇంకేమీ అడిగినట్టు గుర్తులేదు నాకు. ఏలూరు తిరిగొచ్చాక ఆ ఒక్క మాట నోటిదాకా తెచ్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఒక పొద్దున్న ఆయన తుడుస్తుండగా పంచలోకి వెళ్ళి నిలబడ్డాను.

“పెదనాన్నగారూ.”

“చెప్పు తల్లీ.”

“బండి… మాకిచ్చెయ్యమంటోందండి అమ్మ.”

చెయ్యి ఆగలేదు. “మీకెందుకమ్మా?”

“నాన్నది కదండీ.”

అప్పుడు లేచి నిలబడ్డాడు. కోపం లేదు. పిల్లకి పాఠం చెప్పేవాడిలా ఒక్కొక్కటే చూపించాడు. “ఇటు రా. ఈ పక్క రేకులు కోయంబత్తూరువి. ఈ సీటు బొంబాయి. ఈ రింగు ఇటలీ. వైర్లన్నీ నేను కొత్తవి లాగాను. రంగు సాయిబుగారిది. ఉత్తరాలు నువ్వే రాశావు కదా, నీకు తెలియందేముంది? ఇందులో మీ నాన్నది ఏముందో చూపించు తల్లీ. ఏదో ఒక్కటి చూపించు. ఇప్పుడే ఇచ్చేస్తాను.”

ఆయన చేతిలో ఉన్న గుడ్డ నాన్నది. కుట్టు నా వైపే ఉంది. వేలు చూపిస్తే సరిపోయేది. నా చెయ్యి లేవలేదు. “కాలేజీకి టైమవుతోందండి” అని లోపలికొచ్చేశాను. ఆయనకి చెప్పాల్సినవన్నీ ఆ రాత్రి డైరీలో రాశాను. నా శూరత్వమంతా అందులోనే ఉండేది.

కొనడానికి విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. పాత బండ్లు పోగుచేసే సరదా ఉన్నవాడు, నలభైలోపే ఉంటాడు. వెంట ఒక మెకానిక్కుని తెచ్చుకున్నాడు. కిందకి వంగి చూస్తూ, లేచి చూస్తూ, మాటిమాటికీ “బ్రహ్మాండంగా ఉందండీ” అంటున్నాడు. ఎదురింటాయన కూడా వచ్చి నిలబడ్డాడు. పెద్దమ్మ గుమ్మంలో ఉంది. నేను కాఫీలు పట్టుకుని వెళ్ళాను. ఈ బేరం చెడిపోవాలి, ఈయన వద్దని వెళ్ళిపోవాలి అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. అయితే నోరు విప్పాలని మాత్రం అనుకోలేదు.

“ఎవరు కొన్నారండీ మొదట?” అని అడిగాడు ఆయన.

“మా నాన్నగారండి. తర్వాత నేను కాపాడుకొచ్చాను.”

“మధ్యలో ఇంకెవరైనా వాడారా?”

“ఎవరూ లేరండి” అన్నాడు పెదనాన్న, ఎప్పటిలాగే మెత్తగా. “మా ఇంట్లోనే ఉంది.”

ట్రేలో మిగిలిన గ్లాసు ఎదురింటాయనకి అందించాను. పరాయివాళ్ళ ముందు నేను నోరు తెరిచింది ఆ ఇంట్లో అదే మొదలు, అదే ఆఖరు. నా గొంతు కూడా పెదనాన్న గొంతులాగే మెత్తగా వచ్చింది.

“పెదనాన్నగారూ, మీరే ఒక రౌండు తోలి చూపించండి. ఆయన చూస్తారు.”

ఎందుకలా అన్నానంటే నాకే సరిగ్గా చెప్పడం రాదు. ఆటో మీదకి ఎక్కించడం, రోజూ తోసుకెళ్ళడం, ‘ఎప్పుడు తోలతారండీ’ అన్నప్పుడల్లా ఆయన మెడ బిగుసుకోవడం, అన్నీ నా కిటికీలోంచి చూసినవే. ఒకదాని పక్కన ఒకటి అప్పుడే పేర్చుకున్నాయి.

“అవునండీ, తోలండి” అన్నాడు వచ్చినాయన. “మీ చేతిలో ఎలా నడుస్తుందో చూస్తాను.”

“నడుం పట్టేసిందండి రెండ్రోజుల నుంచి.”

“ఆ మలుపు దాకానే.”

“ఇన్నాళ్ళకి చూసే భాగ్యం కలిగింది, కానివ్వండి మాస్టారూ” అన్నాడు ఎదురింటాయన.

పెదనాన్న నా వైపు చూశాడు. నేను తల దించుకోలేదు. హ్యాండిలు మీద ఆయన వేళ్ళు బిగిశాయి. కాలు కొంచెం పైకి లేచి మళ్ళీ నేలని ఆనుకుంది. ఎంతసేపని అలా నిలబడతాడు. చివరికి పెద్దమ్మ గుమ్మంలోంచే అంది.

“ఆయనకి రాదు బాబూ.”

వచ్చినాయన పరాచికమనుకుని నవ్వాడు. తర్వాత మా మొహాలు చూసి ఆపేశాడు. ఎదురింటాయన కాఫీ గ్లాసులోకి చూసుకున్నాడు. ఎవరూ ఏమీ అనకముందే ఆ మెకానిక్కు హ్యాండిలు అందుకుని ఎక్కేశాడు. బండి వీధి చివర దాకా వెళ్ళి, మలుపులో ఒక పక్కకి వాలి, మాకు కనబడకుండా పోయి, మళ్ళీ వచ్చింది. నాన్న పోయాక అది తన చక్రాల మీద తాను పరుగెత్తడం అదే మొదటిసారి. ఆ శబ్దం వింటూ నేను ట్రే గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

బేరం చెడిపోలేదు. సాయంత్రానికి బండి వెళ్ళిపోయింది. నేనన్న మాట వల్ల అమ్మకి ఒరిగింది ఏమీ లేదు.

వంటింట్లో పెద్దమ్మ చారు పోపు వేస్తూ, నన్ను చూడకుండా చెప్పింది. “ఈయన చిన్నప్పుడు గూడెంలో కాలవగట్టు మీద మీ తాతగారు నేర్పబోతే కాలవలో పడ్డారంట. రేవులో అందరూ నవ్వారంట, మీ తాతగారు కూడా. ఆ బండి చిన్నవాడికిచ్చెయ్యండని ఆ రోజు ఈయనే అన్నారంట. మళ్ళీ ఎక్కలేదు.” నాకు జాలి కలగాలని చెప్పిందేమో. కలగలేదు. కాలవలో పడ్డవాడు తడి బట్టలు మార్చుకుంటాడు. తమ్ముడి పేరు చెరిపెయ్యడు.

ఆ రోజు నుంచి పెదనాన్న నాతో మాట్లాడటం మానేశాడు. భోజనం దగ్గర పెద్దమ్మతో, “ఆ అమ్మాయిని హాస్టల్లో చేరమను. చదువు సాగుతుంది” అన్నాడు. చేరాను. మిగిలిన కొన్నాళ్ళూ అక్కడే ఉన్నాను. పొద్దున్నే ఆయన ఖాళీ చేతులతో వీధి చివర దాకా నడిచి వస్తున్నాడని తెలిసింది. విని ఊరుకున్నాను.

ఆఖరుసారి ఆయన్ని చూసింది ఏలూరు బస్టాండులో. ఆయన పోవడానికి కొన్ని నెలల ముందు. నేను కైకలూరు బస్సు కోసం కూర్చున్నాను. పక్క బల్ల మీద రెక్సిన్ సంచీ పెట్టుకుని ఆయన ఉన్నాడు. చూసుకునేసరికి లేచి వెళ్ళే వీలు లేకపోయింది.

“మీ అమ్మ బాగుందా తల్లీ?”

“బాగుందండి.”

తల్లీ అన్నాడు. ఇప్పుడు నా దగ్గర పట్టుకుపోవడానికి ఏం మిగిలిందా అనుకున్నాను. ఆయన చొక్కా మడత నలిగి ఉంది. ఎదురుగా రోడ్డు మీద ఒకతను స్కూటరు మీద వెళుతున్నాడు, ముందు గౌనేసుకున్న పాప నిలబడి ఉంది. పాప రెండు చేతులూ హ్యాండిలు మీద వేసి, బండి తనే తోలుతున్నట్టు మొహం పెట్టింది. పెదనాన్న బల్ల మీద ముందుకి జరిగి, వాళ్ళు కనబడినంత సేపూ చూశాడు.

నా బస్సు వచ్చింది. చెప్పకుండానే ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆయన సంచీ అక్కడే వదిలేసి కిటికీ కిందకి వచ్చి నిలబడ్డాడు. తల ఎత్తి నా మొహంలోకి, నా గడ్డం వైపు చూస్తున్నట్టు అనిపించింది. ఒక మాట అడిగాడు. చెప్పడానికి నా దగ్గర జవాబు ఉంది, ఈ భూమ్మీద నా ఒక్కదాని దగ్గరే ఉంది. అది విన్నాక ఆయన కొంచెం తేలిగ్గా ఇంటికి వెళ్ళేవాడేమో. నేను చెప్పలేదు. చెప్పనందుకు ఈ రోజు కూడా నాకేమీ అనిపించడం లేదు. బస్సు కదులుతుంటే పక్కనే రెండడుగులు నడుస్తూ మళ్ళీ అదే అడిగాడు.

“నిన్నలాగే ముందు నిలబెట్టుకుని తోలేవాడు కదా తల్లీ. ఒక్కసారైనా పడెయ్యలేదా వాడు?”